కాజా ప్రాజెక్టు

చోడవరంలో మేము అద్దెకు దిగిన ఇల్లు ఒక టైలర్ షాపు పైన ఉంటుంది. మా ఆయన బుచ్చయ్యపేట హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకు బదిలీ అయినప్పుడు నా ఉద్యోగం సంగతి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. నా ఉద్యోగం లాప్‌టాప్‌లో ఉంటుంది, లాప్‌టాప్ సంచిలో పడుతుంది, సంచి ఎక్కడికైనా వస్తుంది. కాగితాల మీద జిల్లా మారి చాలా కాలమైనా మా కంపెనీ రికార్డుల్లో మాది ఇంకా విశాఖపట్నం జిల్లాయే. సరిచేయమని నేను పెట్టిన అర్జీ పరిశీలనలో ఉందట.

నా పని ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం. అమెరికాలో ఎవరో మోకాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రి బిల్లు పెడితే, ఆ బిల్లు దారి తప్పకుండా బీమా కంపెనీకి చేరుతోందా లేదా అని చోడవరంలో కూర్చుని నేను చూడాలి. ఎప్పుడూ చూడని మనుషుల మోకాళ్ల గురించి నాకు తెలిసినంత మా చుట్టాల మోకాళ్ల గురించి తెలియదు.

కింద షాపులో రెండు కుట్టు మిషన్లు. ఒకటి మేస్త్రి తొక్కుతాడు. అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి. వాళ్ల నాన్న కాలం నుంచీ అదే షాపు. రెండోది ఆయన భార్యది. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆపా అంటారు, అంటే అక్క అని. ఆపా మిషను కన్నా చేతి పనే ఎక్కువ చేస్తుంది. కాజాలు, గుండీలు, అంచులు అన్నీ ఆమెవే. మిషను కాజాలు కావాలంటే అనకాపల్లి పంపాలి, బట్టలు తిరిగి రావడానికి రెండు రోజులు. "నా సెయ్యి కంటే ఆ మిషనేటి గొప్పా?" అనేది ఆపా.

మేస్త్రి మిషను జోరందుకుంటే ఆ చప్పుడు నేల దాటుకుని నా మీటింగుల్లోకి వచ్చేది. మొదట్లో టీములో ఎవరో అడిగారు, మీ దగ్గర వాన పడుతోందా అని. టైలర్ షాపు సంగతంతా ఇంగ్లీషులో చెప్పడం ఎందుకులే అనుకుని "అవును, వాన" అన్నాను. ఆ తరువాత మాట మార్చుకోవడం కుదరలేదు. మా టీము దృష్టిలో చోడవరం ఏడాది పొడుగునా వాన పడే ఊరు. నడి మేలో కూడా "ఇంకా తగ్గలేదా?" అని జాలిపడేవారు.

మధ్యాహ్నం ఒంటి గంట కాగానే మాత్రం ఆ వాన ఠక్కున ఆగిపోయేది. మేస్త్రి షట్టరు సగానికి దించి, నమాజు చేసుకుని, అన్నం తిని, కాసేపు నడుం వాల్చేవాడు. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లయినా సరే రెండింటిదాకా అరుగు మీద కూర్చోవలసిందే. ఒకసారి నేను చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మెట్ల మీద నిలబడి బిస్కెట్లు నములుతూ ఆయన కంటబడ్డాను.

"ఏటమ్మా, మీ ఆఫీసులో అన్నం బెల్లు కొట్టరేటి?" అన్నాడు.

"ఆఫీసు ఇంట్లోనే కదండీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు తినొచ్చు."

"మరి ఎప్పుడు తింటన్నావు?"

జవాబు చెప్పే లోపు చెవిలో నా పేరు పిలిచారు. మేస్త్రికి చెయ్యి చూపించి పైకి పరుగెత్తాను.

అప్పటికి మా టీములో ఆరుగురం ఉండేవాళ్లం. తప్పులు పట్టే పని అందులో ముగ్గురిది. ఒకతను వేరే కంపెనీకి పోయాడు. ఇంకొకామె ప్రసవానికి వెళ్లి, బిడ్డను చూసుకుని, మళ్లీ మా ముఖాలు చూడదలచుకోలేదు. వాళ్లిద్దరి పనినీ మా మేనేజరు నాకు అప్పగించాడు. ఆయన విజయవాడ వైపు మనిషి, హైదరాబాదులో ఉంటాడు. మంచివాడే. "తాత్కాలికంగానండీ, కొత్తవాళ్లు వచ్చేదాకా" అన్నాడు. మా కంపెనీలో తాత్కాలికం అన్న మాటకున్నంత ఆయుష్షు ఇంకే మాటకూ లేదు.

మనిషికి బుర్ర అరిగిపోతోందని ఒక్కసారిగా తెలియదు. నాకు మాటల్లో తెలిసింది. పాలు పోసే ఆవిడ "రేపు రాను తల్లీ, రావికమతంలో మా మేనకోడలి పురుడు" అంటే "నోటెడ్" అన్నాను. ఆవిడ అదేదో ఆశీర్వచనం అనుకుని నవ్వి వెళ్లిపోయింది. మా ఆయన అన్నం తింటూ ఏదో చెబుతుంటే పెదాలు కదలడం కనిపిస్తోంది గాని మాట నా తలకెక్కడం లేదు. "మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్నాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నేను మ్యూట్‌లో లేనే. నువ్వే ఈ లోకంలో లేవు," అన్నాడు.

అంతకన్నా పరువు తక్కువ పని రావికమతంలో జరిగింది. మా ఆయన పనిచేసే స్కూలు హెడ్మాస్టరు గారు అక్కడ ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి దంపతులుగా రావాలన్నారు. ఆ రోజు ఆదివారమే గాని, మా వాళ్లకు ఆ వారం రిలీజు. రిలీజంటే, సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ను బయటికి వదిలే ముహూర్తం. అది పెళ్లి ముహూర్తం లాంటిది కాదు. ప్రతి నెలా వస్తుంది. షేర్ ఆటోలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, పక్కన గంపలో ఎవరివో కోళ్లు అరుస్తుంటే మీటింగులో కూర్చున్నాను. ఆ రోజు నన్ను వాన పడుతోందా అని ఎవరూ అడగలేదు.

వ్రతం దగ్గర లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టాను, కాని ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంచుకుని పైట చెంగు కప్పుకున్నాను. గృహస్థుల పేర్లు అయ్యాక పంతులు గారు వరసగా కూర్చున్న దంపతుల గోత్రాలు అడుగుతూ మా దగ్గరికి వచ్చారు. మా ఆయన అప్పుడే కొబ్బరికాయలు అందించడానికి లేచాడు.

"అమ్మా, గోత్రం?"

"నేను కనుక్కుని సాయంత్రంలోగా మీకు అప్‌డేట్ ఇస్తాను," అన్నాను, చక్కటి ఇంగ్లీషులో.

పంతులు గారు మంత్రం ఆపారు. హెడ్మాస్టరు గారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన కొబ్బరికాయలతో సహా పరుగెత్తుకొచ్చి గోత్రం చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. చోడవరం దగ్గర పడ్డాక మాత్రం నవ్వు ఆపి, "నీకేటైందే? భయమేస్తంది నాకు," అన్నాడు. నేను ఏమీ కాలేదన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా.

ఆ తరువాత పది రోజులకు కాబోలు, ఒక మధ్యాహ్నం మంచినీళ్ల క్యాను వచ్చింది. తెచ్చినతను మెట్ల మొదట్లో పెట్టి వెళ్లిపోయాడు. మీటింగుకీ మీటింగుకీ మధ్య ఐదు నిమిషాలు దొరికింది. కిందకి దిగి, దాన్ని రెండు మెట్లు ఎక్కించి, దాహం ఆగక అక్కడే మూత తీద్దామనుకున్నాను. మూత మీద ప్లాస్టిక్ సీలు ఉంటుంది కదా, దాని కొస లాగితే తెగిపోయింది. గోరుతో గీకాను, రాలేదు. తాళంచెవితో పొడిచాను, రాలేదు. అంతే, ఆ మెట్టు మీద కూలబడి, క్యానును కౌగిలించుకుని, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాను.

నేను మొండిదాన్ని. మా నాన్న పోయినప్పుడు కూడా పదిమందిలో ఏడవలేదు. అలాంటిదాన్ని ప్లాస్టిక్ సీలు కోసం గుండె పగిలేలా ఏడుస్తుంటే నాకే వింతగా ఉంది. ఏడుస్తూనే, తరువాతి మీటింగుకి ఇంకా మూడు నిమిషాలుందని లెక్కేసుకుంటున్నాను.

ఆపా బయటికొచ్చింది. చేతిలో చిన్న కత్తెర. నన్ను చూసింది, క్యానును చూసింది. వంగి సీలును చటుక్కున కత్తిరించి మూత తీసి పక్కన పెట్టింది. అంత సులువుగా అయిపోయేసరికి నాకు ఏడుపు రెండింతలైంది.

"ఓలమ్మ! తీసేను కదే. ఇంకెందుకు?"

"తెలీదు ఆపా."

"అన్నం తిన్నావా?"

తల అడ్డంగా ఊపాను.

"నిన్న?"

గుర్తు రాలేదు. నిజంగానే రాలేదు. ఆపా నా జబ్బ పట్టుకుని లేపి, వెనక గదిలో కూర్చోబెట్టి, పళ్లెంలో అన్నం, పప్పు, వంకాయ కూర పెట్టింది. పైన నా ఫోను మోగడం వినిపిస్తోంది. లేవబోయాను. ఆపా నా భుజం మీద అరచెయ్యి ఆనించింది. పెద్ద బలమేమీ కాదు, కాని నేను లేవలేదు. రెండేళ్లలో నేను వెళ్లని మొదటి మీటింగు అది. తరువాత తెలిసింది, ఆ మీటింగులో నా గురించి ఎవరూ అడగనే లేదని.

సాయంత్రం మా ఆయన నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. "ఏటి కష్టం?" అని ఆవిడ అడిగితే, మూడు పాయింట్లు ఉన్నాయని మొదలుపెట్టి, మొదటిది నిద్ర, రెండోది తలనొప్పి అని చెప్పి, మూడోదాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదామన్నాను. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి మా ఆయన వైపు చూసింది. "ఇంట్లో కూడా ఇలాగే మాటాడతారా?" అంది. ఆయన అవునన్నాడు. రక్త పరీక్షలు చేయించింది. కొంచెం రక్తం తక్కువ, అంతకు మించి ఏమీ లేదు. "మందుతో తగ్గేది కాదమ్మా. సెలవు పెట్టండి. పెట్టలేకపోతే రోజూ ఒక గంటైనా ఫోను దగ్గర లేకుండా, చేత్తో ఏదైనా పని చేసుకోండి. టైముకి తినండి," అని, ఐరన్ మాత్రలు రాసిచ్చింది.

సెలవు అడిగాను. మేనేజరు ఎంతో ఆదరంగా మాట్లాడాడు. "తప్పకుండా తీసుకోండి. ఆరోగ్యం ముఖ్యం కదండీ. ఈ రిలీజు అయిపోగానే తీసుకోండి." ఆ రిలీజు అయ్యాక అడిగితే తరువాతి రిలీజు అన్నాడు. మూడోసారి, నేను లేనప్పుడు నా పనులు ఎవరు ఎలా చెయ్యాలో ఒక ప్లాను రాసి పంపమన్నాడు. రాస్తూ ఉంటే అర్థమైంది, ఆ ప్లాను రాయడానికే నాకు వారం సెలవు కావాలని.

సంగతి విని ఆపా తేల్చేసింది. "సెలవు ఇవ్వకపోతే పోనీ. ఒంటి గంటకి కిందకి వచ్చీ. ఫోను పైనే ఒగ్గేసి రా. రెండింటికి ఎల్దువుగాని."

అలా వెళ్లడం మొదలుపెట్టాను. మొదటి వారం నరకం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే నడుము దగ్గర ఫోను వణికినట్టు అనిపించేది. ఫోనేమో పైన ఉంది. తిన్నాక చేతులు ఊరికే ఉండలేక చాప అంచు పీకేవి. మూడో రోజుకి ఆపాకు విసుగొచ్చి, ఒక గుడ్డ ముక్క, సూది నా మీద పడేసింది. "నా సాపను ఒగ్గీ తల్లీ. కాజా కుట్టు."

జూన్ నెల. స్కూళ్లు తెరిచే రోజులు. గదినిండా యూనిఫారం చొక్కాలు. ఆపా నేర్పిన పద్ధతి ఇది. సుద్దతో గుండీ కొలత గీత గియ్యాలి. గీత చుట్టూ సన్నగా ఒక వరస కుట్టాలి. అప్పుడు మధ్యలో కత్తిరించాలి. కోసిన అంచును దారంతో చుడుతూ, ప్రతి కుట్టుకీ ఒక ముడి పడేలా, మొత్తం తిరిగి రావాలి. మధ్యలో ఆపితే పోగులు విడిపోతాయి. పని చూడ్డానికి వేలెడంత. నా మొదటి కాజా మాత్రం కప్ప నోరులా వచ్చింది. ఆపా దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి మేస్త్రికి చూపించింది. ఆయన పడుకున్నచోటే ఒక కన్ను తెరిచి, "ఇందులోంచి గుండీయేటి, గుంటడి తలకాయే దూరుద్ది," అని మళ్లీ కన్ను మూసుకున్నాడు.

నాకు రోషం వచ్చింది. ఉద్యోగం చేసిన పదేళ్లలో ఇతరుల తప్పులు పట్టడమే గాని, ఒకరు నా తప్పును అలా వెలుతురుకి పట్టుకుని చూడటం అదే మొదలు. మర్నాడు ఇంకొకటి కుట్టాను. ఆ మర్నాడు రెండు. ఒక రోజు కుడుతూ కుడుతూ తల ఎత్తేసరికి రెండు దాటింది. ఆ గంటంతా నేను ఆఫీసు గురించి ఒక్కసారి కూడా అనుకోలేదని అప్పుడు తెలిసింది. అంత హాయి నేను ఎరగను.

చిక్కల్లా, మా వాళ్లు మీటింగులు ఒంటి గంటకే పెట్టేవారు. అందరి క్యాలెండర్లోనూ ఆ ఒక్క గంటే ఖాళీగా కనిపిస్తుంది, అది అన్నం టైము కాబట్టి. మా కంపెనీ క్యాలెండర్లో ఎవరి టైము వాళ్లు మూసుకోవచ్చు. మూసుకుంటే ఒక పేరు పెట్టాలి. 'భోజనం' అని పెడితే ఎవరూ లెక్కచేయరు. భోజనాన్ని జరుపుకోవచ్చని అందరి నమ్మకం. వేలికి సూది గుచ్చుకున్న మంట ఇంకా ఉంది, ఎదురుగా గుడ్డ ముక్క ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో 'కాజా' అని కొట్టి, ఒంటి గంట నుంచి రెండింటిదాకా ప్రతి రోజూ మూసేశాను.

ఇందులో నేను ఆడిన అబద్ధం ఏమీ లేదు. ఆ మాట ముందుగా చెప్పుకుంటున్నాను.

రెండు రోజులకు పుణేలో ఉండే సహోద్యోగి మెసేజి పెట్టింది. ఏమిటీ కాజా అని. చేతి పని, మధ్యలో ఆపితే విడిపోతుంది, కొత్తగా నేర్చుకుంటున్నాను అని రాశాను. ఆమె కాస్త ఆలోచించి, "మనుషులు చాలా మంది కావాలా?" అంది. ఎంతమంది అయినా చేసుకోవచ్చు అన్నాను. "అయితే నన్ను కూడా వేసుకో" అంది. సరే అని ఆమె క్యాలెండరుకీ పంపాను. ఆమెను చూసి ఇంకొకతను అడిగాడు. నెల తిరిగేసరికి మా టీములో మేనేజరు తప్ప అందరి క్యాలెండర్లలోనూ ఒంటి గంటకి కాజా ఉంది. ఆ గంటకి మీటింగు పెట్టే ధైర్యం ఎవరికీ లేకుండా పోయింది. కాజా పైనుంచి వచ్చిందని మా మేనేజరు అనుకున్నాడు. పైవాళ్లు దాన్ని మా మేనేజరు తెచ్చాడనుకున్నారు. తెలియదని ఒప్పుకోవడం మా కంపెనీలో అలవాటు లేదు. అందుకని అందరూ దాన్ని గౌరవించారు.

మూడు నెలలకోసారి జరిగే పెద్ద సమీక్షలో బయటపడింది. మా మేనేజరు మీద ఇంకో ఇద్దరు మేనేజర్లుంటారు. వాళ్లందరి మీదా ఒక డైరెక్టరు. మాటలు తక్కువ, నవ్వడం ఎవరూ చూడలేదు. ఎవరో మా గంటలన్నీ కూడి ఒక పట్టిక చేశారు. ఏ ప్రాజెక్టు మీద ఎవరెంతసేపు ఉన్నారు అని. అందులో అన్నిటి కిందా కాజా అని ఒక వరస. డైరెక్టరు అక్కడ ఆగాడు.

"కాజా అంటే ఏమిటి? ఎక్కడిదాకా వచ్చింది?"

మా మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మంచి ప్రగతి ఉంది సార్" అన్నాడు, పాపం.

"దీని బాధ్యత ఎవరిది?"

మేనేజరు పట్టిక చూసి నా పేరు చదివాడు.

అబద్ధం నాలిక చివర సిద్ధంగా ఉంది. 'అనుకున్న ప్రకారమే సాగుతోంది, వచ్చే వారం వివరాలు పంపుతాను' అంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు, పట్టిక కిందికి జరిగిపోతుంది. ఆ మాటలు ఎన్ని వందలసార్లు అన్నానో. ఈసారి రాలేదు. ధైర్యం అనను, అలసట అనుకుంటాను. టేబులు మీద, ఆపా సాయంత్రానికి కావాలన్న చొక్కా ఉంది. తీసి కెమెరా ముందు పట్టుకున్నాను.

"సార్, కాజా అంటే చొక్కాకి గుండీ పట్టే చిల్లు. ఇదిగో, ఇవి ఐదూ నేను కుట్టినవే. డాక్టరు రోజుకో గంట పని మానమంది. సెలవు దొరకలేదు. అందుకని అన్నం తిని ఇవి కుడుతున్నాను."

కింద మేస్త్రి మిషను జోరుగా నడుస్తోంది.

"మీ దగ్గర వాన పడుతోందా?" అన్నాడు డైరెక్టరు.

"లేదు సార్. కుట్టు మిషను. ఎప్పుడూ కుట్టు మిషనే," అన్నాను. ఎవరో ఫక్కుమన్నారు. వెంటనే మ్యూట్ చేసుకున్నారు.

"మిగతా వాళ్లు కూడా గుండీ చిల్లులే కుడుతున్నారా?"

పుణే అమ్మాయి గొంతు విప్పింది. తాను ఆ గంట పడుకుంటానంది. అలారం పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, నిజం నిద్ర. ఇంకొకతను పప్పు వండుకుంటానన్నాడు. మూడో అతను, మా టీములో అందరికన్నా చురుకైనవాడు, ఏమీ చెయ్యనన్నాడు. బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదుటి మేడ వైపు చూస్తాడట.

డైరెక్టరు మా మేనేజరును, ఈ మూడు నెలల్లో ఏ పనైనా ఆలస్యమైందా అని అడిగాడు. కాలేదని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. "సరే, తరువాతి పేజీ" అన్నాడు డైరెక్టరు. అంతే. నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు.

తిట్టే పని మేనేజరు తీసుకున్నాడు. మీటింగు అవగానే ఫోను చేశాడు. "నా పరువేం కావాలండీ? మంచి ప్రగతి ఉందన్నాను!" అని రెండు నిమిషాలు ఆవేశపడ్డాడు. నేను వింటూ ఉన్నాను. ఆ తరువాత ఆయనకు మాటలు అయిపోయాయి.

"రోజూ టైముకి తింటున్నారా అయితే?" అన్నాడు.

"తింటున్నానండీ."

"నేను పొద్దున మీటింగులో కెమెరా ఆపేది ఇడ్లీ తినడానికే. నమలడం వినిపించకుండా మ్యూట్ కూడా. మా ఆవిడ నన్ను చూసి దొంగ తిండి అంటుంది."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని తోచింది. "చూడండి, నేను ముగ్గురి పని చెయ్యలేను. ఒకరి పని బాగా చేస్తాను. మిగతా వాటిలో ఏది ముందో మీరు చెప్పండి, దాన్ని చూస్తాను. రెండోది ఆగుతుంది. ఆదివారం నేను లాప్‌టాప్ తెరవను," అన్నాను. ఇంత పొడుగు మాట మేనేజరుతో నేను మధ్యలో 'సారీ' లేకుండా అనడం అదే మొదటిసారి.

"చూస్తాను" అన్నాడాయన. చూస్తానంటే చూడరని నా అనుభవం. కాని నెలన్నరకి కొత్తగా ఒకమ్మాయిని వేశారు. ముగ్గురి పని ఇద్దరికి వచ్చింది. ముగ్గురికి రాలేదు, అది ఇప్పటికీ రాలేదు. ఆదివారాలు మాత్రం నావి అయ్యాయి. మొదటి ఆదివారం ఏం చెయ్యాలో తెలియక ఇంటిల్లిపాది బట్టలూ ఇస్త్రీ చేశాను. ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరం.

ఇది ఇలా ఉండగా కాజా సంగతి హెచ్చార్ వాళ్ల చెవిన పడింది. ఒంటి గంట ఇక మీదట కంపెనీ అంతటికీ 'స్వస్థత గంట' అని మెయిలు వచ్చింది, తామర పువ్వు బొమ్మతో. ఆ గంటను ఎలా సద్వినియోగం చేసుకోవాలో నిపుణులు వివరిస్తారు, అందరూ తప్పక హాజరు కావాలి అని కింద రాశారు. ఆ వివరణ మీటింగు ఎప్పుడు పెట్టారని చూస్తే, మధ్యాహ్నం ఒంటి గంటకి. మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన బడి పిల్లలకు లెక్క చెప్పేవాడిలా దాన్ని రెండుసార్లు మనసులో వేసుకుని, "ఇది తేలని లెక్కే," అన్నాడు. నేను 'రాను' అన్న మీట నొక్కి అన్నం గిన్నె పట్టుకుని కిందకి దిగాను.

ఈ మధ్య ఆపా నాకు స్కూలు బట్టలు దాటి పెద్దవాళ్ల చొక్కాలు కూడా ఇస్తోంది. ఒక రోజు బుచ్చయ్యపేట నుంచి ఒక రైతు బండి మీద వచ్చి, కొత్త చొక్కా మేస్త్రి ముందు పరిచాడు. ఒంటి గంటకి ఇంకా పది నిమిషాలుంది. నేను అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాను.

"ఏటి మేస్త్రీ ఇది? గుండీ దూరదే. పెళ్లికి ఏసుకెల్లి పొట్ట సూపించుకుంటా తిరిగేను."

మేస్త్రి చొక్కా ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు. పైనుంచి మూడో కాజా. చూడగానే గుర్తుపట్టాను, నాదే. గుంటడి తలకాయ దూరుద్ది అనిపించుకున్న రోషంలో ఈసారి మరీ బిగించేశాను. మేస్త్రి కళ్లద్దాల మీదుగా ఆపానూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నేనే కుట్టేను," అంది ఆపా, సూది మీంచి చూపు తీయకుండా. "కళ్లు ఆనడం లేదు బాబూ. రేపు రా, సరిసేసి ఉంచుతాను."

ఆపా కళ్లు ఆనకపోవడమేమిటి, వీధి చివర పోయే చెరుకు ట్రాక్టరు మీద ఉన్నది ఎవరో చెప్పగలదు. ఆ రైతు మెత్తబడి, పర్వాలేదులే ఆపా అని బండెక్కాడు. మేస్త్రి షట్టరు దించుతూ, "ముప్పై ఏళ్లలో దీని కాజా తిరిగొచ్చింది లేదు," అని గోడకి చెప్పినట్టు అన్నాడు.

ఆపా చొక్కా నా ఒళ్లో పడేసి, "ముందు అన్నం తిను. తర్వాత ఇప్పు. గుడ్డ సిరక్కుండా మెల్లగా," అంది. తిన్నాక సూది కొసతో ఒక్కొక్క ముడీ లేపి తీయడం మొదలుపెట్టాను. కుట్టడానికి పట్టినదానికన్నా ఎక్కువసేపే పట్టింది.